రబ్బరు లేని క్లాసు

మా మరిది చొక్కాలు ఉతకడం కంటే మాడిన గిన్నెలు తోమడం నయం. లోకంలో మగవాళ్లు జేబుల్లో బస్సు టికెట్లు మరిచిపోతారు, పెన్నులు మరిచిపోతారు. ఈయనగారు రబ్బరు మరిచిపోతాడు. పెన్సిల్ రాత చెరపడానికి బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరు. అది మెషీన్‌లో తిరిగి తిరిగి నలిగి, మా ఆయన ప్యాంట్ల నిండా తెల్లటి నలుసులు అతికించి మరీ బయటికి వస్తుంది. ఇంత వయసొచ్చిన మనిషికి రబ్బరెందుకయ్యా అంటే, అవసరం పడుతుంది వదినా అంటాడు. తప్పులు రాస్తాను కాబట్టి అని మాత్రం అనడు.

అనలేడు పాపం. అది ఆ వంశంలోనే లేదు. మా అత్తగారి చేతిలో కూర ఉప్పు కషాయమైతే, ఈ మధ్య ఉప్పే ఘాటుగా తయారు చేస్తున్నారంటారు. మా ఆయన సంగతి సరేసరి. పెళ్లయిన కొత్తలో మా పిన్ని కూతురి పెళ్లికి బయల్దేరదీసి, ఇది కాదండీ మన బస్సు అని నేను మొత్తుకుంటున్నా వినకుండా ఎక్కించారు. మేం చేరేసరికి అక్కడ కుర్చీలు మడతపెడుతున్నారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆయన వాదన ఒక్కటే. ఆ రోజు బస్సు దారి మళ్లించారట. పెళ్లి ఉత్తరాన జరుగుతుంటే దక్షిణానికి మళ్లించారన్నమాట.

ఇలాంటి ఇంట్లో పుట్టినవాడికి పాఠ్యప్రణాళిక ఆఫీసులో ఉద్యోగం రాక మరెక్కడ వస్తుంది. ఏ తరగతి పిల్లలకు ఏ లెక్కలు రావాలో నిర్ణయించే చోటు అది. ఆ నిర్ణయాలను వాళ్లు ప్రమాణాలంటారు. పెద్ద కాగితం మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులు నిలువు వరసలు. సంఖ్యలు, భిన్నాలు, కొలతలు, ఆకారాలు వగైరా అడ్డు వరసలు. మధ్యలో గళ్లు. ఆ తరగతిలో ఆ పాఠం ఎంతవరకో ఒక్కో గడిలో రాసి ఉంటుంది. ఒక్కో తరగతి నిలువు వరసను ఒక్కో నిపుణుడు రాస్తాడు. రాసి, సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోతాడు. పక్క వరసలో ఏముందో చూడడం మర్యాద కాదు కాబోలు. వాటన్నిటినీ పక్కపక్కన చేర్చి చార్టు చేయడం మా మరిది పని. దానికి ఆఫీసు గోడ చాలక మా హాలు గోడకు కూడా ఒకటి అంటించాడు. గోడ రంగు ఊడుతుంది నాయనా అంటే, చరిత్ర వదినా అన్నాడు.

నాదీ లెక్కల డిగ్రీయే. ఈ ఇంట్లో దాన్ని గ్యాసు బండ ఎన్నాళ్లొచ్చిందో చూడడానికి వాడుకుంటున్నారు.

ఆ కొత్త చార్టులో మా మరిది గొప్పంతా భిన్నాల దగ్గరుంది. పాతదాంట్లో సగం, పావు రెండో తరగతిలోనే మొదలై, ఏటా కాస్త కాస్త పెరుగుతూ వచ్చేవి. చిన్నపిల్లలకు బరువని ఎవరో అన్నారు. ఈయన రబ్బరు తీసి, కింది తరగతులన్నిట్లోంచీ భిన్నాలను చెరిపేసి, మొత్తం మూటగట్టి ఐదో తరగతిలో దింపాడు. ఒకే చోట, ఒకేసారి, శుభ్రంగా. ఇంట్లో సామానంతా ఒకే అటక మీదికి ఎక్కిస్తే అటక నిలుస్తుందా అని వంటింటి గుమ్మంలోంచి అడిగాను. పోపు మాడుతోంది చూసుకో వదినా అన్నాడు. మాడలేదు.

కొత్త చార్టును ముందుగా ఒక బడిలో రెండో తరగతి పిల్లలకు పెట్టి, వాళ్లు నాలుగో తరగతి దాటేదాకా నడిపి చూడాలన్నారు. ఆ బడి మా అమ్మాయిది, ఇప్పుడు నాలుగో తరగతికొచ్చిన ఆ పిల్లల్లో మా అమ్మాయీ ఉంది. తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున మా ఆయనకు హఠాత్తుగా నడుం నొప్పి వచ్చింది. బాబాయిగా మా మరిది నాతో వచ్చాడు. జేబులో రబ్బరుతో.

ఆ క్లాసు టీచరమ్మ చిన్న మనిషి, పెద్ద గొంతు. ఆవిడ బల్ల మీద ఒక బిస్కెట్ల డబ్బా, డబ్బా నిండా రబ్బర్లు. బడి తెరిచిన రోజునే పిల్లల దగ్గర వసూలు చేస్తుందట, ఏడాది చివర తిరిగిస్తుందట. మా అమ్మాయి పుస్తకం తిరగేసి, పేజీకో కొట్టివేత చూసి, మా మరిది ప్రాణం విలవిల్లాడింది. పిల్లలకు రబ్బరు ఎందుకివ్వరని అడిగాడు.

"చెరిపేస్తారని," అంది ఆవిడ.

"రబ్బరు పనే అది కదండీ."

"చెరిపేస్తే ఎక్కడ తప్పారో నాకెలా తెలుస్తుంది? ఒక్క గీత కొట్టి పక్కన మళ్లీ రాయమంటాను. వాళ్లకూ కనబడుతుంది, నాకూ కనబడుతుంది. తప్పేమన్నా దొంగసొత్తా, దాచుకోడానికి?"

మా మరిది గొంతు సవరించుకుని, తను లెక్కల ప్రమాణాలు రాసే మనిషినని చెప్పుకున్నాడు. ఈ మాటకు చాలామంది లేచి నిలబడతారు. ఆవిడ కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి, భిన్నాలు మింగేసింది మీరేనా అంది. గోడకున్న చార్టు దగ్గరికి తీసుకెళ్లి నాలుగో తరగతి కొలతల గడి మీద వేలు పెట్టింది. గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, సగం గళ్లు, పావు గళ్లు కలుపుకుని అది ఎంత మేర ఉందో లెక్కించాలని ఉంది అక్కడ. సగాలూ పావులూ ఏమో ఐదో తరగతికి వెళ్లిపోయాయి.

"వచ్చే ఏడు నేర్చుకోబోయేదాంతో నా పిల్లలు ఈ ఏడు లెక్క చేయాలా?"

"ఒక్క గడి పట్టుకుంటే ఎలాగండీ, చార్టంతా చూడాలి."

"అంతా చూశాను. మీరే పైనుంచి కిందికి చూసుకుని వదిలేశారు. పిల్లలు ఒక తరగతిలోంచి ఇంకో తరగతిలోకి అడ్డంగా నడుస్తారు సార్."

మా మరిది చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చే దారంతా ఆవిడ పొగరు గురించే. ఇంటి మలుపు దగ్గర మాత్రం, బడి ఎన్నింటికి వదులుతారు వదినా అని అడిగాడు. మా అమ్మాయి ఆ బడిలో చేరి నాలుగేళ్లు. ఆ ప్రశ్న ఆయనకు అప్పుడే పుట్టింది.

ఆ మర్నాటి నుంచి పిల్లను తీసుకురావడం బాబాయి బాధ్యత. జుట్టు రెండుసార్లు దువ్వుకుని వెళ్లేవాడు. ఆలస్యమై, పిల్ల ఆకలితో నకనకలాడుతూ ఇంటికి చేరేది. గేటు దగ్గర బాబాయీ టీచరూ పోట్లాడుకుంటారమ్మా, నవ్వుకుంటూ పోట్లాడుకుంటారు అని చెప్పేది. ఆవిడ బడి ముందు టీకొట్టు దగ్గర చార్టును అడ్డంగా చదవడం నేర్పిస్తోందని, బాబాయికి ఇంకా రావడం లేదని కూడా చెప్పింది. ఆయన చూపు చార్టు మీద ఉంటే కదా రావడానికి.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. గొప్ప వానేం కాదు, ప్రేమలో ఉన్నవాళ్లకు మాత్రమే గొప్పగా కనిపించే బాపతు. మా మరిది గొడుగు మరిచిపోయాడు. అందుకని నేను రెండు గొడుగులు తీసుకుని బడికి వెళ్లాను. వరండా స్తంభం అవతల వాళ్లిద్దరూ ఉన్నారు. చాటుగా వినాలని కాదు, గొడుగు ముడవడానికి కొంచెం సమయం పట్టింది.

మా మరిది చెబుతున్నాడు. ఏ పాఠానికైనా ముందు పునాది పాఠం ఒకటుంటుందట. పరిచయం అలాంటిదట. అది గట్టిపడ్డాక పై పాఠాలకు వెళ్లవచ్చట. ప్రేమ సంగతి ఇలా చెప్పే మగవాణ్ణి ఆ వానలోకి తోసేసినా పాపం లేదు. ఆవిడ ఓపిగ్గా విని, ఇప్పుడు మనం ఏ తరగతిలో ఉన్నామండీ అని అడిగింది.

"ఒకటో తరగతే. నాకు మాత్రం మీతో ఎనిమిదో తరగతి దాకా చదవాలనుంది."

ఆవిడ వాన వైపు చూస్తూ నవ్వింది. "ముందు ఈ తరగతి పరీక్ష పాసవండి, చూద్దాం," అంది. నా గొడుగు అప్పటికి ముడుచుకుంది.

పరీక్ష వచ్చింది. ఆయనకు కాదు, పిల్లలకు. కొత్త చార్టు ఎలా నడిచిందో చూడడానికి ఆఫీసువాళ్లే ప్రశ్నపత్రం పంపారు. గళ్ల కాగితం మీద ఒక ఆకు బొమ్మ, అది ఎన్ని గళ్ల మేర ఉందో చెప్పమన్నారు. ఆకు అంచుల నిండా తెగిన గళ్లే. చార్టులో లేనిది ఆ ఏడు చెప్పకూడదని బడికి ముందే ఆజ్ఞ ఉంది. ఆవిడ కోపంగానే అయినా దానికి కట్టుబడింది. కొందరు పిల్లలు తెగిన గళ్లను వదిలేశారు, కొందరు ప్రతి ముక్కనూ నిండు గడి కింద లెక్కేశారు. మా అమ్మాయి, ముక్కలు మాకింకా చెప్పలేదు అని రాసి వచ్చింది. ఆ కాగితం మొత్తం మీద సరైన జవాబు అదొక్కటే.

ఆఫీసు నుంచి రిపోర్టు వచ్చింది. చార్టు బాగుంది, బోధన బలహీనంగా ఉంది అని. టీచరమ్మను క్లాసు నుంచి తప్పించి లైబ్రరీలో పుస్తకాలు సర్దమన్నారు. చార్టుకు ఆమోదం పడ్డాక ఆవిణ్ణి దూరంగా వేరే బడికి పంపించాలని, అక్కడ కింది తరగతులే ఇవ్వాలని రాశారు.

మా మరిది రెండు రోజులు ఆ రిపోర్టునే తిరగేశాడు. మూడో రోజు హాల్లో కొత్త కాగితం పరిచాడు. సగాలూ పావులూ మళ్లీ కింది తరగతుల్లోకి వచ్చి చేరాయి. ఆవిడ చెప్పినట్టే, గడి గడికీ. ఇప్పటికి పాతబడ్డ ఆ చార్టును గోడ మీంచి పీకేస్తే, మంచి మందపు కాగితమని నేను వంటింటి అలమర అరలో పరుచుకున్నాను. కొత్త చార్టు అడుగున, మార్పుకు కారణం అన్నచోట, స్వల్ప క్రమబద్ధీకరణ అని రాసుకున్నాడు. రాసి, పెళ్లికొడుకులా తయారై, ఆ చార్టు చుట్ట చంకలో పెట్టుకుని నా వెంట బడికి బయల్దేరాడు.

లైబ్రరీలో ఆవిడ నేల మీద కూర్చుని పుస్తకాల దుమ్ము దులుపుతోంది. చార్టు విప్పి చూసి, బాగుందండీ, నేను చెప్పిందే ఇది అంది. అందుకే మార్చానన్నాడు ఈయన, మెప్పు కోసం మొహం చాపి.

"మరి నా రిపోర్టు?"

"అది వేరే విభాగం చూస్తుందండీ."

"పాత చార్టు తప్పని ఎక్కడన్నా రాశారా?"

"క్రమబద్ధీకరణ అని రాశాను."

ఆవిడ చార్టును చుట్టేసి ఆయన చేతికి ఇచ్చింది. "అంటే అదీ ఒప్పే, ఇది ఇంకాస్త ఒప్పు. ఒప్పు చార్టుతో పిల్లలు తప్పు రాశారంటే ఇక మిగిలింది నేనేగా. మీరు తప్పు చేశారని నాకు కోపం లేదు సార్. నా క్లాసులో రోజూ అందరం చేస్తాం. మీరు చెరిపేశారు. అది నాకు పడదు." ఇక పిల్లను తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వస్తే చాలని, నా వైపు చూసి చెప్పింది.

ఇంట్లో మా మరిది అన్నం ముద్దలు చేసి పళ్లెం అంచున పేర్చడం మొదలుపెట్టాడు. మా అత్తగారు కనిపెట్టి, సంగతంతా లాగి, ఉద్యోగంలో మాట పడ్డ పిల్ల, పైగా తలబిరుసు, మనకెందుకురా అన్నారు. ఆ మాట పడేలా చేసింది ఎవరు అత్తయ్యా అని నేనడిగాను. వాడికేం తెలుసే, కాగితం మీద ఎలా పడిందో అన్నారావిడ. కాగితం కూడా ఆ వంశంలోదే, దానంతటదే తప్పుతుంది.

మార్చిన చార్టును ఆమోదించే సభలో లేచి పాతది తప్పని చెప్పేయరాదా అని మా మరిదిని ఒంటరిగా పట్టుకుని అడిగాను. అలా చెబితే, ఆ రోజే తనకు ఇస్తామన్న విభాగం అధిపతి కుర్చీ పోతుందన్నాడు. చెప్పకపోతే ఏం పోతుందో అన్నాను. జేబులో చెయ్యి పెట్టి రబ్బరు నలుపుకుంటూ వెళ్లిపోయాడు.

సభకు ఆ బడి పిల్లల తల్లిదండ్రుల తరఫున ఒకరు రావాలన్నారు. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఆ ఘనత నాకు దక్కింది. ఆ పొద్దున నేను చీర మార్చుకుంటూ, అలమర పై అరలోంచి నూనె డబ్బా కాస్త అందుకోమని మా మరిదికి చెప్పాను. నాకు అందుతుంది. డబ్బా తీశాడు. దాని కింద పాత చార్టు, అందులో నాలుగో తరగతి కొలతల గడి, దాని చుట్టూ గుండ్రంగా నూనె మరక. డబ్బాను సరిగ్గా ఆ గడి మీద పెట్టడానికి నేను పెద్దగా కష్టపడలేదు.

ఆ మరక చుట్టూ వేలితో ఒకసారి గీసి చూసుకున్నాడు. తర్వాత మిగతా డబ్బాలన్నీ దించి, కాగితం లాగి, చుట్టి చంకలో పెట్టుకున్నాడు. డబ్బాలు మళ్లీ పైన పెట్టలేదు. ప్రేమలో పడ్డవాళ్లకు ఇంటిపని చెప్పకూడదు.

సభలో నిపుణులంతా ముందు వరసల్లో ఉన్నారు, ఒకరి వరస ఒకరు చదవనివాళ్లు. అధ్యక్షుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. వివరణ అడుగుతారేమోనని టీచరమ్మనూ పిలిపించారు కానీ, ఎవరూ అడగలేదు. వెనక వరసలో నా పక్కన కూర్చుంది. చార్టు అద్భుతమని ఒకరి తర్వాత ఒకరు అన్నాక, ఆమోదించే ముందు ఏమన్నా చెబుతావా అని పెద్దాయన మా మరిదిని అడిగాడు.

లేచాడు. తరగతుల మధ్య అనుసంధానంలో కొన్ని అంశాలు దృష్టికి వచ్చిన నేపథ్యంలో అని మొదలుపెట్టాడు. నా పక్కన ఆవిడ చేతిసంచి మూసి లేవబోయింది. మా మరిది అది చూశాడు, ఆగిపోయాడు. చంకలోని పాత చార్టు తీసి బల్ల మీద పరిచాడు. నూనె మరక ముందు వరస దాకా కనబడింది. ఎవరిదో పెన్ను అడిగి తీసుకుని, చెరిపేసిన భిన్నాల చోట ఒక్క గీత కొట్టాడు.

"ఇది తప్పు సార్. రాసింది నేను. టీచర్ గారు ముందే వేలు పెట్టి చూపించారు, నేను వినలేదు. చెప్పొద్దన్న లెక్కే పరీక్షలో అడిగాం. రిపోర్టులో ఆవిడ బోధన అని ఉన్నచోట నా పేరు రాయండి."

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, సవరణ అని రాద్దాంలేవోయ్ అన్నాడు.

"తప్పనే రాయండి సార్."

ఆవిడ సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. ముందు వరసల్లో నిపుణులు మొదటిసారిగా పక్కవాడి వరసలోకి తొంగి చూశారు, తమ తప్పులెక్కడ బయటపడతాయోనని. కొత్త చార్టు ఆమోదం పొందింది, రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. అధిపతి కుర్చీ ఎనిమిదో తరగతి వరస రాసిన పెద్దమనిషికి వెళ్లింది. ఆయన ఎన్నడూ రబ్బరు వాడలేదు. రాసింది మళ్లీ చదివే అలవాటుంటే కదా.

బయట మళ్లీ వాన. మెట్ల మీద మా మరిది గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు, సహజంగానే. ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడి అరచెయ్యి చాపింది, పిల్లల దగ్గర వసూలు చేసేటప్పటిలాగే. ఆయనకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత జేబులోంచి రబ్బరు తీసి ఆ చేతిలో పెట్టాడు.

"ఏడాది చివర తిరిగిస్తారుగా?" అన్నాడు.

"అది పిల్లలకి. మీరు ఎనిమిదో తరగతి దాకా చదువుతానన్నారు కదా. అప్పుడు ఆలోచిద్దాం."

ఈసారి కూడా రెండు గొడుగులు తెచ్చాను. రెండోది వాళ్లకిచ్చేసి, వాళ్ల వెనకాలే నడిచాను. ఒక్క గొడుగు ఇద్దరికీ చాలదు. ఇద్దరికీ చెరో భుజం తడుస్తోంది, ఆ సంగతి ఇద్దరికీ తెలిసినట్టు లేదు.

సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. మా అత్తగారు ఎదురెళ్లి, కూర్చోబెట్టి, టీ ఇచ్చి, నేను మొదటినుంచీ గట్టి పిల్ల అనే అంటున్నాను అని నా మొహం మీదే చెప్పారు. తలబిరుసు అన్నారు కదత్తయ్యా అంటే, రెండూ ఒకటేనే అన్నారు. ఆ టీలో చక్కెర బదులు ఉప్పు పడింది. ఈ మధ్య రెండూ ఒకేలా తయారు చేస్తున్నారట. టీచరమ్మ ఒక్క గుక్క తాగి, మా మరిది వైపు చూసి, మొహం మార్చకుండా కప్పు కింద పెట్టింది. పెళ్లి మాట ఆ కప్పు దగ్గరే ఖాయమైంది.

సభలో జరిగిందంతా నేను మా ఆయనకు మొదటినుంచీ చెప్పాను. పేపరు అడ్డం పెట్టుకుని విన్నారు. మీ తమ్ముడు వంశాచారం తప్పాడండీ అన్నాను. పేపరు కదలలేదు. ఆవిడా మా మరిదీ గుమ్మం దాటి వెళ్లాక, మా అమ్మాయి హోంవర్కు ముందేసుకున్నాక, నేను అలమర అరలో డబ్బాలు సర్దడానికి లేస్తుంటే పేపరు మెల్లగా కిందికి దిగింది.

"మీ పిన్ని కూతురి పెళ్లి రోజున," అన్నారాయన, ఎదురుగా ఖాళీ గోడ వైపు చూస్తూ, "ఆ బస్సును ఎవరూ మళ్లించలేదు. నువ్వు చెబుతూనే ఉన్నావు. తప్పు బస్సు ఎక్కించింది నేనే."